జింకలవాగులో గుడారాలు

రామసుబ్బమ్మకు యాభై ఎనిమిదేళ్లు. అందులో సగం ఆకాశం కిందే పడుకుంది. దాన్ని సాహసం అంటారని, దానికోసం జనం సెలవు పెట్టుకుని మరీ వస్తారని ఆమెకు మొన్నమొన్నటిదాకా తెలియదు.

ఆమెది ఉదయగిరి కొండ కింద పల్లె. ఎనభై గొర్రెలున్నాయి. వానలున్నన్నాళ్లు మెట్టలో మేపుకుంటుంది. ఎండలు ముదిరి గడ్డి మాడిపోయాక మందను తోలుకుని ఆత్మకూరు మీదుగా సంగం దాకా నడుస్తుంది. అక్కడ వరి కోసేసి ఉంటారు. ఎరువు కోసం రైతులు మళ్లలో మంద పెట్టించుకుంటారు. దారిలో రోజూ సాయంత్రానికి ఎనభై గొర్రెలూ ఒక మనిషీ పడుకునే చోటు ఒకటి వెతుక్కోవాలి.

మొగుడు సిద్ధయ్య జ్వరంతో పోయినప్పుడు ఆమెకు ముప్ఫై రెండేళ్లు. దినాలు కాగానే మరిది మునెయ్య వచ్చి కూర్చున్నాడు.

"ఆడమనిషివి, రోడ్లెంబడి యాడ పండుకుంటావు వదినా? జీవాల్ని అమ్మేసెయ్," అన్నాడు.

కొనేవాణ్ణి కూడా తనే చూసిపెట్టాడు. అందుకు ఆయన ఎక్కువ దూరం తిరగలేదు, ఇంట్లో అద్దం ముందు నిలబడితే సరిపోయింది.

రామసుబ్బమ్మ అమ్మలేదు. ఆ ఏడు ఒక్కతే మందతో బయలుదేరింది. ఆత్మకూరు దాటాక పల్లంలో మెత్తటి చోటు దొరికింది. చుట్టూ గట్టు, గాలి తగలదు, నేల పరుపులా ఉంది. ఇంతకంటే ఏం కావాలనుకుని మందను అక్కడే నిలిపింది. తెల్లవారుజామున అకాల వాన కురిసింది. నాలుగు వైపుల నీళ్లూ ఆ పల్లంలోకే దిగాయి. మోకాటి లోతులో నిలబడి, చంకలో రెండు, భుజం మీద ఒకటి చొప్పున గొర్రెపిల్లలను గట్టు మీదికి చేరవేసింది. తొమ్మిది చచ్చిపోయాయి. వాటిని వరసగా పడుకోబెట్టి, వాటి పక్కనే కూర్చుని, పొద్దెక్కేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె మెత్తటి చోటును నమ్మలేదు. ఇంకా ఎండ ఉండగానే మందను ఆపి, చుట్టుపక్కల ఒక్కతే తిరిగేది. పొదల్లో గడ్డి పోచలు ఎంత ఎత్తున చిక్కుకుని ఉన్నాయో చూసేది. నీళ్లు ఏనాడో అంత ఎత్తున పారాయని వాటి అర్థం. తలెత్తి ఎండుకొమ్మలున్నాయేమో చూసేది. నేల మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చునేది. చీమలు ఎక్కితే లేచి ఇంకో చోటికి పోయేది. ఆ చోటు గొర్రెలకు నచ్చిందా లేదా అన్నది చివరి పరీక్ష. అవి పడుకోకుండా నిలబడే ఉంటే ఆమె కూడా పడుకునేది కాదు. ఇరవై ఆరేళ్లలో మళ్లీ ఒక్క పిల్ల కూడా నీళ్లలో పోలేదు. ఇదంతా ఒక విద్య అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

ఇలా ఉండగా పెంచలప్రసాద్ బెంగళూరు నుంచి తిరిగొచ్చాడు. అక్కడ ఆరు నెలలు ఏదో ట్రెక్కింగ్ కంపెనీలో ఫోన్లెత్తాడట. ఆ అనుభవసంపదతో ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీద గది తీసుకుని 'గిరివిహార్ క్యాంపింగ్' అని బోర్డు పెట్టాడు. గుడారాలు కొన్నాడు. ఇక గుడారాలు వేయడానికి భూమి కావాలి. ఆ విషయం మేనమామ నారాయణయ్య చూసుకున్నాడు. ఆయనది రామసుబ్బమ్మ ఊళ్లో పెద్ద కుటుంబం. తాత కాలం నుంచి ఆ ఇంట్లో అడగకుండా ఆ పల్లెలో కరెంటు స్తంభం కూడా పాతరు. జింకలవాగు పక్కన ఆయనకు నాలుగెకరాలుంది. ముప్ఫై ఏళ్లుగా అందులో కంప తప్ప ఏదీ మొలవలేదు. కాబట్టి దాన్ని ప్రకృతి ప్రేమికులకు అంకితం చేయాలని ఆయన మనసు మెత్తబడింది. క్యాంపు వస్తే తారురోడ్డు వస్తుంది, రోడ్డు వస్తే మిగతా పొలానికి విలువ వస్తుంది. ప్రకృతి మీద ప్రేమ అలా మొదలైంది.

చోటు ఎంపికకు మామా అల్లుళ్లు కారులో వచ్చారు. పెంచలప్రసాద్ ఫోన్లో ఒక పట్టిక ఉంది. నేల చదునుగా ఉండాలి, మెత్తగా ఉండాలి, పక్కన నీడ ఉండాలి, కారు రావాలి, సిగ్నల్ అందాలి. అయిదూ సరిపోయే చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే కనిపించింది. అది వాగు మధ్య ఇసుక. వాగులో వేయకూడదని కూడా ఆ పట్టికలో ఒక మాట ఉంది. కానీ మూడేళ్లుగా పారని వాగును వాగనడం వాళ్లిద్దరికీ న్యాయంగా తోచలేదు.

ఆ సమయానికి రామసుబ్బమ్మ మంద అక్కడే ఉంది.

"ఏమ్మే రామసుబ్బా, జీవాల్ని అవతలికి తోలుకో. ఈడ క్యాంపు పెడతా ఉండాము," అన్నాడు నారాయణయ్య.

"ఏం క్యాంపు సామీ? కండ్లదా?"

"కండ్లది కాదవ్వా," అన్నాడు పెంచలప్రసాద్. "టౌన్ నుంచి జనాలొచ్చి, గుడారాలేసుకోని పండుకుంటారు."

"వాళ్లకి ఇండ్లు లేవా?"

"ఉండాయి."

"మరేంది?"

"ప్రకృతి కోసం అవ్వా."

ఇల్లున్నవాళ్లు బయట పడుకోవడం వాళ్లిష్టం. అందులో రామసుబ్బమ్మకు పేచీ లేదు.

"పండుకునేది యాడ?"

"ఈ ఇసకలోనే."

"ఇది వాగు గదా అబ్బయ్యా."

"నీళ్లు పారితే గదా వాగు. మూడేండ్లయింది చుక్క లేక."

"మరి ఈ ఇసకని ఈడికి ఎవురు తోలినారు? ట్రాక్టర్లో తెచ్చి పోసినారా?" కర్రతో ఒడ్డున తుమ్మచెట్టును చూపించింది. మనిషి ఛాతీ ఎత్తున కొమ్మల్లో ఎండుగడ్డి, గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాయి. "అదో, అది జూడు."

పెంచలప్రసాద్ చూశాడు. దగ్గరికి వెళ్లి నాలుగు ఫోటోలు కూడా తీశాడు. తర్వాత అది కరపత్రంలో 'అరుదైన పక్షిగూళ్లు' అనే శీర్షిక కింద అచ్చయింది.

"యాడ పెట్టాలంటావు మరి?" అన్నాడు, మర్యాద కోసం.

"ఆ గులకరాళ్ల మిట్ట మింద. నీళ్లు నిలవవు. గాలాడతాది. చీమలు లేవు."

నారాయణయ్య మొహం మాడ్చుకున్నాడు. ఆ మిట్ట దాయాది మాలకొండయ్యది. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. అందువల్ల నారాయణయ్య దృష్టిలో అక్కడ మిట్టే లేదు.

"గొర్రెలు కాసుకునేదాన్ని అడిగి గుడారాలేసే కాలం వచ్చినాదే," అని కారెక్కాడు.

నవంబరులో ఒక ఆదివారం మొదటి క్యాంపు. నెల్లూరు నుంచి ఒక కాలేజీ లెక్చరర్లు ఇరవై ఇద్దరు వచ్చారు. వాళ్లకు పెద్ద రేణుకాదేవి అనే మేడం. అందరూ ఒకే రంగు టోపీలు పెట్టుకున్నారు. రోజూ ఒకే గదిలో కూర్చునేవాళ్ల మధ్య ఐకమత్యం పెంచడానికి అరవై మైళ్లు రావలసివచ్చింది పాపం. ఇసుకలో నీలం గుడారాలు పన్నెండు లేచాయి. మధ్యలో షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో నారాయణయ్య. మధ్యాహ్నం దాటాక స్పీకరు పెట్టి ఆటలు మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని ఒకరు వెనక్కి పడాలి, మిగిలినవాళ్లు పట్టుకోవాలి. నమ్మకం పెరుగుతుందట. అప్పటికి ఇద్దరికి నడుములు పట్టేశాయి.

క్యాంపు మీద ఆకాశం నీలంగా ఉంది. పడమటి కొండల మీద మాత్రం పొద్దున్నుంచీ నల్లగా మూసుకుపోయి ఉంది. రామసుబ్బమ్మ వాగుకు ఎగువన, ఒడ్డు మీద ఉంది. మూడు గంటల వేళ గొర్రెలు మేత మానేసి తలలెత్తాయి. గాలిలో తడిమట్టి వాసన. ఆమె వంగి చూసింది. ఇసుకలో సన్నటి నీటి పాయ ఒకటి, నురగనూ ఎండుటాకులనూ ముందుకు నెట్టుకుంటూ పాకి వస్తోంది. నాలుక వస్తే వెనకాలే ఒళ్లు వస్తుందని ఆమెకు తెలుసు. మందను అదిలించుకుంటూ పరుగెత్తింది.

ఒడ్డున నిలబడి అరిచింది. "వాగొస్తా ఉండాది, పైకి రాండి."

స్పీకరు హోరులో ఎవరికీ వినపడలేదు. రేణుకాదేవి మేడం మాత్రం చూసి, నవ్వుతూ చెయ్యి ఊపింది. పల్లె జనం ఎంత ఆప్యాయంగా ఉంటారో పక్కనున్నామెకు చెప్పింది.

పెంచలప్రసాద్ ఎదురొచ్చాడు. "అవ్వా, గెస్టులుండారు. అవతలికి పో."

"వాగొస్తాండాది అబ్బయ్యా."

అతను ఫోను తీసి చూశాడు. "ఉదయగిరిలో ఈ పొద్దు వాన లేదు. జీరో చూపిస్తా ఉండాది."

"నీ ఫోను కొండెక్కి జూసొచ్చినాదా?"

అతను నవ్వి వెనక్కి తిరిగాడు. నోటితో చెబితే వినేవాళ్లెవరో, విననివాళ్లెవరో రామసుబ్బమ్మకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. నాలుక కొసన ఒక ఈల వేసి, ముందు నడిచే పొట్టేలును వాగులోకి దింపింది. దాని వెనక ఎనభై గొర్రెలూ గుడారాల మధ్యకు దూకాయి.

తాళ్లు తెగాయి. ఒక గుడారాన్ని పొట్టేలు కొమ్ములకు తగిలించుకుని పెళ్లికొడుకులా నడిచింది. మొదట లెక్చరర్లు కేరింతలు కొట్టి వీడియోలు తీశారు. బిర్యానీ గిన్నె బోర్లా పడ్డాక ప్రకృతి ప్రేమ తగ్గింది. వంటాయన గరిటె పట్టుకుని వచ్చాడు. అయినా జనం కదలడం లేదు, ఉన్నచోటే నిలబడి తిడుతున్నారు. రామసుబ్బమ్మ చుట్టూ చూసి, పాట పాడుతున్న స్పీకరును తీసి చంకలో పెట్టుకుని, గులకరాళ్ల మిట్ట వైపు లగెత్తింది.

అప్పుడు కదిలారు. గరిటెతో వంటాయన, చెప్పులు చేతబట్టుకుని రేణుకాదేవి మేడం, నడుములు పట్టేసిన ఇద్దరూ, పెంచలప్రసాద్, అందరూ దొంగ దొంగ అంటూ వెంటపడ్డారు. ఆ టీమంతా ఒకే లక్ష్యంతో ఒకే దిక్కుకు పరుగెత్తడం ఆ రోజుకి అదే మొదలు.

మిట్ట మీద ఆమెను చుట్టుముట్టి, పోలీసులను పిలుద్దామా వద్దా అని వాదించుకుంటుండగా కింద చప్పుడైంది. వాగు మలుపులోంచి ఎర్రటి నీళ్లు తుమ్మకంపతో సహా దొర్లుకుంటూ వచ్చాయి. నీలం గుడారాలు ఒకటొకటిగా లేచి, సంగం వైపు ప్రయాణం కట్టాయి. పోలీసుల సంగతి అందరూ మర్చిపోయారు. స్పీకరు మాత్రం పాడుతూనే ఉంది.

ఒక్క నారాయణయ్య కుర్చీలోనే ఉన్నాడు. గొర్రెల కోసం లేవడం ఆయన హోదాకు తగదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాక లేవబోయాడు కానీ అప్పటికే కాళ్లు ఇసుకలో కూరుకుపోయాయి. పెంచలప్రసాదూ వంటాయనా దిగి, చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. కుర్చీ వెళ్లిపోయింది.

రామసుబ్బమ్మ అదేదీ చూడటం లేదు. తన వెనకే మిట్ట ఎక్కిన మందను లెక్కపెడుతోంది. ఒకటి తగ్గింది. కాలు కుంటే సూడిగొర్రె, అన్నిటికంటే వెనక నడిచేది. అవతలి ఒడ్డు దగ్గర దాని తల ఒకసారి నీళ్ల పైకి లేచింది. మళ్లీ కనపడలేదు. ఆమె అటే చూస్తూ చాలాసేపు నిలబడింది. రేణుకాదేవి మేడం వచ్చి పక్కన నిలబడింది. ఆమె చెయ్యి పట్టుకుంది. "దాని కడుపులో పిల్ల ఉండాది మేడం," అంది రామసుబ్బమ్మ.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. నారాయణయ్య గారి అప్రమత్తత వల్ల ఇరవై ఇద్దరు అధ్యాపకులు ప్రాణాపాయం నుంచి బయటపడ్డారట. గొర్రెలు బెదిరి కొంత ఆస్తినష్టం కలిగించాయట. ఫోటోలో ఆయన తడిపంచెతో వాగును గంభీరంగా చూస్తున్నాడు.

నాలుగు రోజుల తర్వాత పెంచలప్రసాద్ ఒక్కడే బండి మీద వచ్చాడు. ఆమె స్పీకరును కవరులో చుట్టి తెచ్చి ఇచ్చింది. అతను తీసుకున్నాడు కానీ కదల్లేదు.

"అవ్వా, మళ్లా పెడతాను. ఈసారి చోటు నువ్వు చూపీ."

ఆమె కర్ర తీసుకుని ముందు నడిచింది. ఒక చోట ఆగి, కూర్చోమంది. అతను కూర్చుని, రాసుకోవడానికి ఫోను తీశాడు.

"రాసుకునేదేం లేదు. ఊరికే కూకో."

అయిదు నిమిషాలకు ఎగిరి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఇది కాదు గదవ్వా?"

"కాదు."

రెండో చోట తనే నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. మూడో చోట కూర్చోకుండానే పైకి చూసి, "ఈడ ఎండుకొమ్మ ఉండాది," అన్నాడు. ఆమె ముందుకు నడిచింది. పొద్దు వాలేదాకా తిరిగాక ఇద్దరూ గులకరాళ్ల మిట్ట మీద తేలారు. ఆ గాలికి అతను కాసేపు వెల్లకిలా పడుకున్నాడు.

మాలకొండయ్య ఒప్పుకోవడానికి వారం పట్టింది, నారాయణయ్య ఒప్పుకోవడానికి నెల. ఆ మిట్ట అసలు తన ముత్తాతదేనని గుర్తొచ్చాక నారాయణయ్యకు అభ్యంతరం లేకపోయింది. ఇద్దరి పేర్లూ ఒకే ఎత్తున ఉన్న బోర్డు లేచింది. కొత్త కరపత్రంలో 'అంతర్జాతీయ ప్రమాణాలతో స్థల ఎంపిక' అని వేశారు. రామసుబ్బమ్మ మాత్రం ఒక్కటే కోరింది, జనం లేని రోజుల్లో మంద అక్కడ పడుకోవాలని. పెంచలప్రసాద్ మామతో ఒకసారీ మాలకొండయ్యతో రెండుసార్లూ పోట్లాడి ఆ మాట ఖాయం చేశాడు. సంక్రాంతి దాటాక రేణుకాదేవి మేడం చెల్లెళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. బోర్డు చదవలేదు. రామసుబ్బమ్మ ఇల్లెక్కడని అడిగింది. ఆమెతో కలిసి ఒక పూటంతా గొర్రెల వెనక తిరిగింది.

ఎండలు ముదిరాక రామసుబ్బమ్మ ఎప్పటిలాగే సంగం దారి పట్టింది. ఆత్మకూరు దాటిన సాయంత్రం పెంచలప్రసాద్ ఫోన్ చేశాడు. పెన్న ఒడ్డున ఇంకో క్యాంపు పెట్టాలని ఉందట.

"ఈ పొద్దు యాడ దిగినావవ్వా?"

"ఇంకా దిగలా అబ్బయ్యా. పొద్దుండాది, చూస్తా ఉండాను," అని ఆమె ఫోను రొంటిన దోపుకుని, మందను నిలిపి, ఒక రేగుపొద చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.