డిక్కీలో కూర్చున్న అత్తయ్య

నా చిన్నప్పుడు మా పక్కింటి అత్తయ్యను చూస్తే పిల్లలందరికీ నవ్వే. మనిషి భారీగా ఉండేది. ఆవిడ వస్తోందంటే మంచం దాచెయ్యండని ఒకరి చెవిలో ఒకరం చెప్పుకునేవాళ్లం. నోటి దురుసులో నేనే అందరికంటే ముందు.

ఒక ముసురురోజు మధ్యాహ్నం, కాన్పుకి ఇంకా నెల ఉందనగానే, అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో మంత్రసాని చేతులెత్తేసింది. విజయవాడ ఆసుపత్రికి వెళ్లడానికి నాన్న అంబాసిడర్ కారు మాట్లాడాడు. అమ్మకు తోడుగా అత్తయ్య ఎక్కింది. ఇంట్లో చూసేవాళ్లు లేక నన్నూ ఎక్కించారు. కాలవగట్టు మీద నల్లమట్టి నానిపోయి ఉంది. సగం దారిలో కారు వెనక చక్రాలు దిగబడ్డాయి.

బరువు తగ్గితే కదులుతుందన్నాడు డ్రైవర్. అంతే, అందరి చూపూ అత్తయ్య మీదికే పోయింది. నేను పెదవి బిగించి నవ్వాపుకున్నాను. ఆవిడ మాట్లాడకుండా బురదలోకి దిగింది. నాన్నా నేనూ దిగాం. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. నాన్న పక్క చేలోంచి వరిగడ్డి తెచ్చి వాటి కింద పరిస్తే, అదీ జారి వెనక్కి ఎగిరిపడింది. లోపల అమ్మ మూలుగు పెద్దదైంది. నాకు నవ్వు పోయి ఏడుపొచ్చింది.

అప్పుడు అత్తయ్య నాన్న వైపు తిరిగి నోరు విప్పింది.

“తమ్ముడూ, గడ్డి ఒక్కటే ఏం పట్టుద్ది? పైన బరువు పడాలి. మా ఆయన ట్రాక్టర్ చక్రాలకి ఇనప బిళ్లలు బిగించేది అందుకేగా. నేను డిక్కీలో కూచుంటా, మళ్లీ గడ్డెయ్యి.”

డిక్కీ తెరిచి, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. ఆ బరువుకి చక్రాలు గడ్డిని అణిచిపట్టి, మెల్లగా పైకొచ్చాయి. ఆవిడ ముఖం దాకా బురద చిందింది.

దీపాలు పెట్టే వేళకి నాకు తమ్ముడు పుట్టాడు. ఆసుపత్రి వరండాలో అత్తయ్య చీరకంటిన మట్టి గోటితో గీకుతూ కూర్చుంది. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“దిగాలనగానే అందరూ నన్నే చూశారు కదమ్మా. ఇంక నా బరువు సంగతి నేనేం మాట్లాడను?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

బురదలో బండికి పట్టు దొరకాలంటే కింద గడ్డీ పైన బరువూ రెండూ కావాలని తర్వాత బడిలో కూడా చెప్పారు. నలుగురూ నవ్వితే తెలిసినవాళ్ల నోరు కూడా మూతపడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అత్తయ్య ఇంకో అరగంట అలాగే ఊరుకుని ఉంటే ఏమయ్యేదోనని, యాభై ఏళ్లు దాటిన మా తమ్ముణ్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ అనుకుంటాను.