అత్త ఎక్కిన జీపు

నెలకోసారి రక్తపోటు చూపించుకోవడానికి నేను వెళ్ళే ఆసుపత్రిలో, రోగులు కూర్చునే హాల్లో గోడకి ఒక టీవీ ఉంటుంది. మొన్న అందులో నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఏదో ఊరికి ఆసుపత్రి ఎందుకు రాలేదన్నది వాళ్ళ గొడవ. ఒకాయన చెయ్యెత్తి, "దయచేసి వైద్యాన్ని రాజకీయం చెయ్యకండి" అన్నాడు. నా పక్క కుర్చీలో పెద్దమనిషి "బాగా చెప్పాడు" అంటూ నావైపు చూశాడు. మర్యాదకి నేనూ తలాడించాను. ఈలోగా నా నంబరు పిలిచారు. నర్సు జబ్బకి పట్టీ చుట్టి, "ఏటి తాతా, ఈపాలి ఎక్కువున్నాది, ఏటాలోసిస్తన్నావు?" అంది. మా అత్త గురించి అని చెబితే ఆ పిల్లకేం తెలుస్తుంది? రాత్రి నిద్ర చాల్లేదని చెప్పి వచ్చేశాను.

అత్త అంటే మా మేనమావ భార్య. పాతపట్నానికి ఇవతల, గెడ్డ అని మేం పిలిచే వాగు దాటి వెళ్ళవలసిన ఒక ఊళ్ళో వాళ్ళ కాపురం. అరవై ఏడు ఎన్నికల నాటికి నేను ఆ ఊరి బడికి కొత్త పంతుల్ని. ఉండడం, తినడం మావ ఇంట్లోనే. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, రాత్రి మావ రాజకీయం. మావ ఒక పార్టీ మనిషి. ఏ పార్టీ అనేది ఇప్పుడు అనవసరం, ఆనాటి గుర్తులు ఈనాటి ఓటు మిషను మీద వెతికినా దొరకవు. పొలానికి వెళ్ళినా చొక్కాకి పార్టీ బిళ్ళ ఉండవలసిందే. ఒక్కోసారి చొక్కా ఉండేది కాదు, అప్పుడు తలపాగాకి పెట్టుకునేవాడు. అత్త అన్నగారిల్లు అదే ఊళ్ళో అవతలి వీధి. ఆయన అవతలి పార్టీ. ఒకప్పుడు ఆ బావా బావమరుదులు ఒకే చుట్టని చెరిసగం కాల్చుకున్నవాళ్ళట. పంచాయతీ ఎన్నికల్లో చెరోవైపు నిలబడ్డాక మాటలు పోయాయి. దాంతో అత్తకి, వీధి దాటితే వచ్చే పుట్టిల్లు, నడిచి వెళ్ళలేనంత దూరమైపోయింది.

ఎన్నికల నెలలో మా ఊరికి జీపులొచ్చేవి. మామూలు రోజుల్లో ఎడ్లబండి తప్ప మరో చక్రం ఎరగని ఊరది. జీపు చప్పుడు గెడ్డ దగ్గర వినిపిస్తే చాలు, నా బడి సగం ఖాళీ. పిల్లలు ఆ పెట్రోలు పొగలో పరుగెత్తి, పంచిపెట్టే కాగితాలు ఏరుకొచ్చేవారు. వాటికి ఒకవైపే అచ్చు. రెండోవైపు తెల్లగా ఉండేది, మా లెక్కలన్నీ అక్కడే. రెండు పార్టీల కాగితాల మీదా ఎక్కాలు ఒకేలా వచ్చేవి.

అప్పుడు అత్త నిండు నెలల మనిషి. అంతకు ముందు ఒక కాన్పు పోయింది. నొప్పులు తిరగబడితే బండి కట్టుకుని బయల్దేరారు. గెడ్డ ఇసకలో చక్రాలు దిగబడి, అక్కడే ప్రసవమై, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మావ మాత్రం ఆ తర్వాత బండికి కొత్త చక్రాలు చేయించాడు, తప్పు ఇసకది కాదు, చక్రాలదే అన్నట్టు.

ఈసారి నొప్పులు తెల్లవారుతూనే మొదలయ్యాయి. మంత్రసాని ముసలమ్మ ఎండెక్కేదాకా చూసి, బయటికొచ్చి, నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తున్న అడ్డపొగ చుట్టని నోట్లోంచి తీసి, "బాబూ, బిడ్డ అడ్డం తిరిగినాది. ఇది నా సేతిలో నేదు. పెద్దాసుపత్రికి ఒట్టుకెళ్ళిపోండి" అంది. పెద్దాసుపత్రి అంటే సరిహద్దు అవతల పర్లాకిమిడిలో ఉన్నది. బండి మీద వెళితే పొద్దు వాలుతుంది. మావ పార్టీ జీపు ఆ పూట ఊరికి రావలసి ఉంది. దానికోసం రోడ్డు దాకా ఒక మనిషిని పరిగెత్తించాం. పెద్ద నాయకుడి సభ ఉందని అది నరసన్నపేట వెళ్ళిపోయిందని తెలిసింది. మావ ఎడ్లని తెచ్చి కాడికి కడుతున్నాడు. పలుపు ముడి వేసిందల్లా జారిపోతోంది.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. ముందు అవతలి పార్టీ జెండా, పైన మైకు. చెల్లెలి సంగతి ఎవరు చెప్పారో, దాంట్లోంచి అత్త అన్నగారు దిగాడు. చాలాకాలం తర్వాత ఆయన ఆ గుమ్మం ముందుకి రావడం.

"బావా, బండిడిసేయి. దీన్లో ఎక్కించు."

మావ తలెత్తలేదు. "ముందా జెండా ఇప్పు."

"ఇప్పితే డైవరు తోలనంటన్నాడు. జీపు నాది కాదు, పార్టీది."

"అయితే నా పెళ్ళాం ఎక్కదు. రేపు పదూళ్ళలో ఏటని సెప్పుకుంటారో నాకు తెల్దేటి?"

"నానొకలికీ సెప్పను బావా."

"నువ్వు సెప్పవు. నీ మైకు సెప్తాది."

ఈ మాటలు ఇంకెంతసేపు సాగేవో గాని, మంత్రసాని భుజం పట్టుకుని అత్తే గుమ్మంలోకి వచ్చింది. ముఖమంతా చెమట. "మీ ఇద్దరికీ ఓట్లయ్యేక తీరికుంటాది, అప్పుడు కొట్టుకోండి. నాకు తీరిక నేదు" అని, భర్త వైపు గాని అన్న వైపు గాని చూడకుండా వెళ్ళి జీపులో కూర్చుంది. ఎడ్లు కాడి దగ్గర అలాగే నిలబడి ఉన్నాయి. మావ ఒక క్షణం వాటిని చూశాడు. తర్వాత తువ్వాలు తలమీంచి ముఖం దాకా కప్పుకుని వెనక ఎక్కాడు. బడి ఎలాగూ జీపు చుట్టూనే ఉంది కాబట్టి, నేనూ ఎక్కాను.

గెడ్డలో ఆ రోజుల్లో చీలమండ లోతు నీళ్ళు. బండిని మింగిన ఇసకని జీపు గుర్రుమంటూ దాటేసింది. అసలు ఇబ్బంది ఊళ్ళలో వచ్చింది. చప్పుడు విని పిల్లలు రోడ్డుకి అడ్డంగా పరుగెత్తి వచ్చేవారు. మైకు కుర్రాడు అలవాటు కొద్దీ "మీ అమూల్యమైన ఓటు" అని మొదలుపెట్టాడు. అత్త అన్నగారు వాడి వీపు మీద ఒకటి వేశాడు. వాడు సర్దుకుని, "ఓట్లకి కాదు, పురిటికి! కాయితాలు నేవు! గుంటలందరూ తప్పుకోండి!" అన్నాడు. పక్క ఊరొచ్చేసరికి ఇంకాస్త హుషారై, ఫలానా ఊరి ఫలానా వారి ఇల్లాలని కూడా కలిపాడు. తువ్వాలు లోపల్నించి మావ, "ఇంటిపేరొకటి మిగిలిపోనాది, అదీ సెప్పీరా" అన్నాడు. నొప్పుల మధ్య అత్త నవ్వింది. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

పర్లాకిమిడి ఒరిస్సాలోది. మా ఓట్లతో ఆ ఆసుపత్రికి పనిలేదు. అక్కడి పెద్ద డాక్టరు జెండా సంగతి అడగలేదు. లోపలికి తీసుకెళుతూ, "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని మాత్రం వచ్చీరాని తెలుగులో అడిగాడు. బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దీపాలు పెట్టేవేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అప్పటికే నాకు రోజూ డైరీ రాసే అలవాటు ఉంది. ఆనాటి పేజీలో "బడి లేదు. జీపు. ఆడపిల్ల" అని మాత్రం ఉంది. మిగతాదంతా రాయకుండానే నిలిచింది.

మేం ఊరికి తిరిగొచ్చేసరికి మావ పార్టీ మారిపోయాడన్న వార్త మాకంటే ముందే వచ్చి కూర్చుంది. దాన్ని సరిచెయ్యడానికి మావ పార్టీ అభ్యర్థి స్వయంగా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, తలుపు వెనక ఉన్న అత్తకి వినబడేలా, "పురుడుని కూడా ఓట్లకి వాడుకుంటున్నారమ్మా. వైద్యం వేరు, రాజకీయం వేరు" అన్నాడు.

"వేరే బాబూ," అంది అత్త లోపల్నించి. "మరి ఆ పొద్దు మీ జీపెక్కడున్నాది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. అత్త ఊరుకోలేదు. "పోనీ ఓట్లయ్యేక వస్తాదా మీ జీపు? మా అన్న పార్టీ జీపొస్తాదా? ఈ ఊరి ఆడోళ్ళు అయిదేళ్ళకోపాలి, ఓట్ల నెల సూసుకుని నీళ్ళాడాలేటి?"

మావ గొంతు సవరించుకుని మజ్జిగ తెమ్మన్నాడు. అభ్యర్థి మజ్జిగ తాగి, గెలిస్తే ఊరికి నర్సుని వేయిస్తానన్నాడు. రెండు రోజులకి అవతలి పార్టీ అభ్యర్థీ అన్నగారి అరుగు మీద అదే మాటన్నాడు. ఎన్నికలయ్యాయి. గెలిచినవారూ ఓడినవారూ ఎవరి జీపులు వాళ్ళు తీసుకుపోయారు. వేసవికి ముందే మా బడిలో కాగితాలు అయిపోయి, మళ్ళీ పలకలు బయటికొచ్చాయి.

ఆషాఢంలో ఊడ్పుల వేళ, చివరి వీధి కూలివాళ్ళ కోడలికి నొప్పులొచ్చాయి. మంత్రసాని మళ్ళీ అదే మాటంది. మావ అడక్కుండానే బండి కట్టాడు. అత్త అన్నగారు కబురు విని పరుగెత్తుకొచ్చాడు. గెడ్డ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డున ఆగి, తర్వాత ఇద్దరూ చెరో చక్రానికి భుజం పెట్టి దాటించారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ ఇద్దరూ తడిబట్టలతో తిరిగొస్తే, అత్త చంటిదాన్ని భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. "ఏ జెండా అట్టుకెల్తారో మీ ఇష్టం. ఇద్దరూ కలిసి ఎల్లండి. నర్సమ్మ ఇసయం తేలకండా నా గుమ్మం తొక్కకండి" అంది. వెళ్ళారు. పంచాయతీ సమితి ఆఫీసులో, వైద్యం సంగతి నియమాల ప్రకారం జరుగుతుంది, నాయకుల్ని వెంటేసుకు రాకండి అన్నాడట అక్కడి గుమస్తా. వీళ్ళిద్దరే నాయకులని ఆ గుమస్తాకి తెలియదు. మళ్ళీ వెళ్ళారు. వెళుతూనే ఉన్నారు. దారిలో చుట్టని చెరిసగం చేసుకోవడం మళ్ళీ మొదలైంది గాని, పార్టీలు మాత్రం ఎవరివి వాళ్ళవే. నర్సమ్మ వచ్చింది. అదీ మళ్ళీ ఎన్నికలు వస్తున్నాయనగా వచ్చింది.

ఆ జీపు పుణ్యమా అని పుట్టిన మా మరదలు చీపురుపల్లిలో ఉంటుంది. అరవైకి దగ్గర పడింది, మనవల్ని ఎత్తుకుంటోంది. చివరి వీధి బిడ్డ ఉంటే ఇద్దరికీ కొన్ని నెలలే తేడా. వైద్యాన్ని రాజకీయం చెయ్యకండి అంటారు గాని, ఆ ఏడాది మా ఊళ్ళో ఒక బిడ్డ ఎన్నికల ముందు పుట్టింది, ఒక బిడ్డ ఎన్నికల తర్వాత పుట్టింది.