రాడ్ పట్టుకోని పెద్దమ్మ

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టర్‌గా చేసింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా రాడ్ పట్టుకోలేదని ఆవిడ గొప్ప. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో సంచి ఉంటే పట్టుకోవడానికి మూడో చెయ్యెక్కడిది? కాళ్లు ఎడంగా పెట్టి, నడుము సీటు మూలకు ఆనించి, బస్సు ఎటు విసిరితే దానికి ఎదురు బలం వేసి నిలబడేది. ఇంట్లోనూ అంతే. పెదనాన్న పోయాక ముగ్గురు పిల్లల్ని, మా అమ్మ మంచాన పడ్డప్పుడు నన్ను కూడా, ఎవరి సాయమూ అడక్కుండా పెంచుకొచ్చింది. జ్వరమొచ్చినా చెప్పేది కాదు. అందుకే నాకు ఒళ్లు మండేది.

రిటైరైన మూడో నెలలో, కమ్యూనిటీ హాల్లో జానపద నృత్యం నేర్పుతున్నారని బోర్డు చూసి వెళ్లి చేరింది. పుట్టి బుద్ధెరిగాక ఆడిందీ లేదు, పాడిందీ లేదు.

"ఈ వయసులో గంతులేంటి పెద్దమ్మా?" అన్నాను.

"ఇన్నాళ్లూ నిలబడే ఉన్నాను కదే. కాస్త కదుల్తాను," అంది.

తోడు రమ్మంటే వెళ్లి గోడవార కుర్చీలో కూర్చున్నాను. నవ్వుకోడానికే వెళ్లాను, అబద్ధమెందుకు.

పన్నెండు మంది గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడే పాతకాలపు ఆట అది. నాలుగు అడుగులు పక్కకి, ఒకటి వెనక్కి. అడుగులు ఆవిడకి రెండో రోజుకే వచ్చేశాయి. చిక్కంతా చివర్లోనే. పాట జోరందుకున్నాక వలయం గిర్రున తిరుగుతుంది, అప్పుడు అందరూ ఒకేసారి ఒళ్లు వెనక్కి వాల్చాలి. ఒకరి బరువు ఒకరు ఆపితేనే అది నిలుస్తుంది. మా పెద్దమ్మ వాల్తేనా! బస్సు మలుపు తిరిగినప్పటిలాగే కాళ్లు ఎడంగా పాతేసి, చేతులు విడిపించుకుని నిటారుగా నిలబడింది. పక్కనున్న మందుల షాపావిడ దబ్బున కూలబడింది. పాపం, మోచెయ్యి గీరుకుపోయింది.

"నేల జారుడుగా ఉంది," అంది పెద్దమ్మ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మర్నాడూ అదే తంతు. మూడో రోజు డాన్సు మాస్టారు పక్కకి పిలిచారు. "తప్పుగా అనుకోకండి. ఆదివారం వరకూ చూద్దాం. కుదరకపోతే మీరు కూర్చుని తాళం వేద్దురుగాని."

ఆయన మర్యాదగానే చెప్పారు. కానీ కూర్చోమన్న మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "నాకు ఆడాలనుందే," అంది. తనకంటూ ఏదైనా కావాలని ఆవిడ నోట నేను వినడం అదే మొదలు.

మర్నాడు నన్ను లాక్కెళ్లి తన పాత రూటు బస్సెక్కించింది. "మలుపు రాగానే నా రెండు చేతులూ పట్టుకో. నేను వాల్తాను."

మార్కెట్ దగ్గర బస్సు మలుపు తిరిగింది. ఆవిడ కాళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. నేను వెళ్లి ఎవరో పెద్దాయన ఒళ్లో పడ్డాను. ఒకప్పుడు పెద్దమ్మ దగ్గరే పని నేర్చుకున్న కండక్టరమ్మ గబగబా వచ్చింది.

"మేడం, మీరే రాడ్ పట్టుకోకపోతే ఇంక మేం ఎవరికి చెప్పాలి?"

బస్సంతా నవ్వింది. మూడు ట్రిప్పులు తిరిగాం. ఆవిడ ఒక్కసారి కూడా వాలలేదు, నాకు మాత్రం నడుం పట్టేసింది.

ఆదివారం హాల్లో అందరూ వలయం కట్టారు. పెద్దమ్మకి అటూ ఇటూ ఖాళీ. ఎవరి ఎముకలు వాళ్లకి ముద్దు, తప్పు పట్టలేం. మాస్టారు పాట పెట్టబోతూ ఆగిపోయారు. ఇంటికి పోదాం పద అందామని నేను లేచాను.

పెద్దమ్మ నేరుగా మందుల షాపావిడ దగ్గరకి వెళ్లింది. ఆవిడ మోచేతికి ఇంకా పట్టీ ఉంది.

"తప్పు నేలది కాదమ్మా, నాదే. ఒకరి మీద బరువు వెయ్యాలంటే నాకు భయం," అంది. "నేను పడబోతే... ఆపుతారా?"

ముప్పై ఏళ్లు ఊగే బస్సులో నిలబడ్డం గొప్పేననుకునేదాన్ని. పదిమందిలో ఆ ఒక్క మాట అడగడం అంతకన్నా గొప్ప. ఈవిడ మా పెద్దమ్మ అని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది.

మందుల షాపావిడ ఆవిడని ఎగాదిగా చూసింది. "పొద్దస్తమానం అట్టపెట్టెలు మోసేదాన్ని, మిమ్మల్ని ఆపలేనా? గట్టిగా పట్టుకోండి చాలు," అని చెయ్యి చాపింది. అది చూసి రెండో పక్కకీ ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

పాట జోరందుకుంది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ముందు మెడ వాలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత మొత్తం మనిషి. పడలేదు. నోరారా నవ్వుతూ అందరితో పాటు గిర్రున తిరిగింది.

పాట ఆగింది. అందరూ చేతులు వదిలి మంచినీళ్ల కోసం వెళ్లారు. పెద్దమ్మ మాత్రం మందుల షాపావిడ చెయ్యి వదల్లేదు. ఆవిడా వదలమనలేదు. ఇద్దరూ హాలు మధ్యలో ఆయాసపడుతూ అలాగే నిలబడ్డారు.