పంజాగుట్టలో నేను చూసిన పల్లె

ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాదులో రైలు దిగాను. బెజవాడ నుంచి కూర్చునే రావడంతో నడుం పట్టేసింది. స్టేషనుకు వచ్చిన మిత్రుడు సుబ్బారావు నేను దిగగానే చెప్పాడు.

"బస్తీలో ప్లేగండీ. చార్మినార్ మాట మరిచిపోండి. రోగం తగిలినవాళ్ళని సర్కారు ఆసుపత్రికి పట్టుకుపోతున్నారు. తిరిగొచ్చినవాళ్ళు లేరు. అందుకని జనం ఇంట్లోవాళ్ళని దాచేస్తున్నారు."

నాకు చార్మినార్ ఎందుకు? అది అందరూ చూసేదే. నాకు అసలు సిసలు తెలంగాణా పల్లె కావాలి.

టాంగా మాట్లాడుకుని, అమీర్‌పేట దాటి పంజాగుట్ట బండల దగ్గర దిగేసరికి పదకొండు. సీతాఫలం తుప్పల మధ్య ఇరవై దాకా తాటాకు గుడిసెలు, బయట మూడురాళ్ళ పొయ్యిలు. ఇదీ పల్లె అంటే, అని మురిసిపోయాను. మొదటి గుడిసె ముందు గోనెపట్టా కప్పిన కుట్టుమిషను ఒక్కటే ఆ అందాన్ని పాడుచేస్తోంది అనిపించింది.

ఆ గుమ్మానికి అడ్డంగా ఒకామె కూర్చుని ఉంది. పేరు రాజవ్వ అంది. తినడానికేమైనా దొరుకుతుందా అని అడిగాను. కాసేపు తటపటాయించింది.

"ఉన్నదే తిను అన్నా," అని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది.

"తాతల కాలం నుంచీ ఇక్కడేనా అమ్మా?"

"ఆఁ, గీడనే."

లోపల ఎవరో నిండా గొంగడి కప్పుకుని పడుకున్నారు.

"మా ఇంటాయన. జర అలసిండు. లేపకు."

పట్టపగలు ఇంత నిశ్చింతగా నిద్రపోవడం మన పట్నాల్లో ఎక్కడుంది? పుస్తకంలో రాసుకున్నాను కూడా.

ఒంటిగంటకు అమీర్‌పేట రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే చాయ్ తాగుతున్న ఖాకీకోటు ఆయన పలకరించాడు. నా నోరు ఊరుకుంటుందా? రొట్టె సంగతి, గొంగడి కింద నిద్ర సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఏ గుడిసె?"

"కుట్టుమిషను ఉన్నది."

ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు. "గది పల్లె గాదు సాబ్. బస్తీల ఎలుకలు సచ్చినంక ఇండ్లు ఇడిసొచ్చిన దర్జీలు. నేను ప్లేగు దారోగాను, రోగులను పట్టేటోన్ని."

వెనకే పరుగెత్తాను. ఆయన జవాన్లను వెంటబెట్టుకుని నాకంటే ముందే చేరాడు. నేను వెళ్ళేసరికి రోగిని మంచంతో సహా బండి ఎక్కించారు. గుడిసెకు నిప్పు పెడుతున్నారు. రాజవ్వ బండి చక్రం పట్టుకుని వేలాడుతోంది. నన్ను చూసి ఏడుపు ఆపింది.

"మా రొట్టె తింటివి గదన్నా," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం బండికే తిరుగుముఖం పట్టాను. దారంతా ఒక్కటే బాధ. పల్లె చూడాలని పోయి, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన మనిషి ముఖమైనా సరిగా చూడలేదు.

తెల్లవారి బెజవాడ ప్లాట్‌ఫారం మీద డాక్టరు ఒక్కొక్కరినీ పరీక్షిస్తున్నాడు. రోగమున్న చోటికి వెళ్ళినవాళ్ళని పదిరోజులు ఊరిబయట షెడ్డులో ఉంచుతారట. నా వంతు వచ్చింది.

"ప్లేగు ఇళ్ళకేమైనా వెళ్ళారా?"

"లేదండీ," అన్నాను.

ఇంటి గుమ్మంలోనే మా చిన్నది పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంది. దించెయ్యాలనుకున్నాను. చేతులు రాలేదు.