రేవు మెట్ల మీద అనుపు పాఠం

ఆ ఆదివారం పొద్దున్న ఏడూ ఇరవైకి మావారు కొవ్వూరు రేవులో స్నానం చేసి, కింది మెట్టు మీద తల తుడుచుకుంటున్నారు. నేను పై మెట్టు మీద సంచీ పట్టుకుని ఉన్నాను.

“చెప్పులు చూసుకో, వెనకాల కుక్క ఉంది,” అన్నారు.

గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయన మాట సన్నబడింది. ఇంట్లో పక్క గదిలోకి కూడా వినబడేది కాదు. ఆ మాట మాత్రం స్పష్టంగా వినబడింది. కుక్కను అదిలించాను. ఆయన తువ్వాలు పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడిపోయారు.

తొంభైల చివరి సంగతి. మావారు హైస్కూల్లో సోషల్ మాస్టారు. వెనక బెంచీలకు పాఠం అందడం లేదు. బళ్లో మైకు జెండా పండగకే బయటికి తీసేవారు. “ఇకమీదట లైబ్రరీ చూసుకోండి మాస్టారూ, గొంతుకి విశ్రాంతి,” అని హెడ్మాస్టరుగారు మర్యాదగానే చెప్పారు. లైబ్రరీ అంటే ఒక బీరువా. ఒప్పుకుంటున్నదీ లేనిదీ సోమవారం ఆయనకు చెప్పాలి.

ఇంటికి వచ్చే దారంతా ఆయన అనుపు గురించి చెప్పారు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం. మధ్యలో నేల, నాలుగు వైపులా మెట్లు. సాగర్ కడితే లోయ మునుగుతుందని, దాన్ని విప్పి ఒడ్డుకు తెచ్చి అనుపులో మళ్లీ కట్టారు. అది ఆటలకో నాటకాలకో పండితులు ఇంకా తేల్చలేదు.

“ముందువాడి తల అడ్డు రాకపోతే చాలు. మధ్యలో మాట్లాడింది పై వరసకి వెళ్తుంది,” అన్నారు.

సోమవారం హెడ్మాస్టరుగారిని ఒప్పించి తొమ్మిదో తరగతిని రేవుకు తీసుకువెళ్లారు. నేనూ వెళ్లాను. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. ఆయన కింద గోదావరికి వీపు పెట్టి నిలబడి, అనుపు పాఠమే మొదలుపెట్టారు. కాసేపటికి, “పైన వినబడుతోందా?” అని అడిగారు.

“వినబడుతోంది మాస్టారండీ. మొన్నటిదాకా క్లాసులో ఏం చెప్పారో మాకు తెలీదండీ,” అంది పై వరసలో ఒకమ్మాయి. అందరూ నవ్వారు, ఆయన కూడా.

వంతెన మీదికి రైలు వచ్చింది. ఆయన ఆగారు.

“గూడ్సండీ, ఇప్పట్లో అవదండీ,” అన్నాడు ఒక కుర్రాడు.

అయ్యాక, ఆపిన వాక్యం నుంచే అందుకున్నారు. హెడ్మాస్టరుగారు పీరియడంతా పై మెట్టు మీద నిలబడి విన్నారు. లైబ్రరీ మాట మళ్లీ ఎత్తలేదు.

వరద రోజుల్లో బడి వరండా మెట్లు, మిగతా రోజుల్లో రేవు. రిటైరయ్యేదాకా ఆయన పాఠం చెప్పారు. కిందటేడు పోయారు. ఆనాటి పిల్లల్లో కొందరు టీచర్లయ్యారు, పలకరించడానికి వచ్చారు. వాళ్ల గొంతులు క్లాసుకు సరిపోతాయి. రేవులో ఇప్పుడెవరూ పాఠం చెప్పడం లేదు.