గంజి పెట్టిన రాతి తోరణం

ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో, నా అంత తెలివైనవాడు మా ఊరు కాశిబుగ్గలో పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేది. మా బాపు మగ్గం నేసేవాడు. కాగితం మీద గీతలు గీయడం ఆయన లెక్కలో అసలు పనే కాదు.

మా మట్టి గోడల ఇంటి వాకిలికి, మా ఊరి కోటలో ఉన్నట్టు రాతి తోరణం పెట్టించాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. ఆ బరువుకు గోడ కూలుతుందని మేస్త్రీ తేల్చేశాడు. నేను ఊరుకుంటానా! ఫైబర్ గ్లాసుతో చేసి పెడతానన్నాను. అచ్చులో గాజు దారంతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు మందు పూసి, పొర మీద పొర వేస్తే గట్టిపడుతుంది. పైన రాయి రంగు కొడితే అచ్చం కోటలోని తోరణమే, ఇద్దరు మోసేంత తేలిక. గాజైతే ఏంది, అదీ మన నూలు లెక్కనే దారం అని బాపుకు దర్జాగా పాఠం చెప్పాను. ఆ ముక్క అనకుండా ఉంటే బాగుండేది.

అప్పుడే మా చెల్లె పాలిటెక్నిక్‌లో చేరతానని పోరు పెడుతోంది. బాపు తెగేసి చెప్పాడు.

"మీ అన్న రాయి నిలవడితె నువ్వు కాలేజికి పో. లేకుంటె ఇంట్ల కూసోని నూలు కండెలు చుట్టు."

చెల్లె నా వంక చూసింది. ఆ చూపుకు నాకు భయం వేయాలి. వేస్తే కదా!

గాజు గుడ్డ తెచ్చి ఇంట్లో ఉంచి, రెజిన్ కోసం మళ్లీ హైదరాబాద్ వెళ్లొచ్చాను. వచ్చి చూస్తే గుడ్డ కాస్త బిరుసెక్కినట్టు తోచింది. ఎండకేమోలే అనుకున్నాను, అంత గొప్ప బుర్ర నాది. పొరలు వేశాను, రంగు కొట్టాను, వాకిలికి ఎక్కించాను. వాడకట్టంతా వచ్చి చూసింది. నేను పెళ్లికొడుకులా నిలబడ్డాను.

మొదటి వానకే తోరణం ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడిపోయింది. చెల్లె వెళ్లి రాట్నం ముందు కూర్చుని కండె చుట్టడం మొదలుపెట్టింది. రెజిన్ అమ్మినవాడిని ఏడు తరాలతో కలిపి తిట్టాను.

బాపు ఊడిన పొరను చేత్తో తడిమి చూశాడు.

"వాణ్ణెందుకు తిడుతవు? నువ్వు లేనప్పుడు నేనే గంజి పెట్టిన."

మా ఇళ్లల్లో పచ్చి నూలు మగ్గమెక్కదు. గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండబెడితేనే దారం తెగకుండా నిలుస్తుంది. ఆయన గాజు గుడ్డకూ అదే మర్యాద చేశాడు. మధ్యలో గంజి ఉంటే రెజిన్ గాజును పట్టుకోదని నేను చెప్పనేలేదు.

అయినా సిగ్గులేకుండా ఆయన మీదే అరిచాను, ఎవరు పెట్టమన్నారని.

బాపు రాట్నం వైపు చూశాడు.

"నిలవడాలెననే పెట్టిన బిడ్డా. పిల్ల కాలేజికి పోవాలె గద."