కాలేషాకు చప్పుడు పడదు

కొందరికి వంకాయ పడదు, కొందరికి అత్తగారు పడరు. కాలేషాకు చప్పుడు పడదు. నరసరావుపేటలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే ఈ మనిషి ఒక పొడుగాటి స్క్రూడ్రైవరును జేబులో కలంలా పెట్టుకుని తిరిగేవాడు. దారిలో ఏ యంత్రం మూలిగినా స్క్రూడ్రైవరు మొనను దానికి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే నూనెబుడ్డి తీసేవాడు.

ఒకసారి పెళ్లిచూపులకు వెళ్తున్నవాళ్ల రిక్షాను నడివీధిలో ఆపేశాడు. చక్రం కీచుమనడం ఆగితే గానీ కదలనివ్వనన్నాడు. లోపల పెళ్లికొడుకు చెమటలు కక్కుతుంటే, "కూసే బండ్లో పోతే పిల్లకి నువ్వేం చెప్పినా ఇనపడద్దా?" అని అతన్నే కోప్పడ్డాడు. పిండిమర యజమాని అయితే కాలేషా కనబడగానే షట్టరు దించేసేవాడు. మర మోగకపోతే తెరిచి ఉందని జనానికి తెలిసేదెట్లా అని ఆయన బాధ.

వింతేమిటంటే, ఇంతటివాడి ఇంట్లో రేడియో మాత్రం వీధి మలుపు దాకా వినిపించేది. ఊరందరి నోరూ మూయించి తన రేడియోకు పెత్తనమిచ్చాడని జనం నవ్వుకునేవారు.

కాలేషా కొట్టుకు సరిగ్గా పైన, మేడ మీద, పున్నారావు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పున్నారావుకు ఇద్దరు పిల్లలు, ఒక జత కిర్రుచెప్పులు. మాచర్లలో చెప్పి మరీ కుట్టించుకున్నాడేమో, మెట్ల మీద అవి కిర్రుకిర్రుమంటుంటే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. కింద కాలేషా పళ్లు నూరేవాడు.

"సారూ, ఆ చెప్పులు ఒక్కసారి ఇడవండి. రెండంటే రెండు చుక్కలేస్తా."

"నా చెప్పుల జోలికొస్తే మర్యాద దక్కదు కాలేషా! ఆ కిర్రు కోసమే కదయ్యా కుట్టించుకుంది."

ఈ ముచ్చట రోజూ రెండు పూటలా జరిగేది.

ఎనభై ఎనిమిదిలో పున్నారావు మేడ మీదికి కంప్యూటర్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, తెరకు బొట్టు పెట్టి, మీట నొక్కారు. అది ఒక్కసారిగా గుర్రుమని లంకించుకుంది. లోపలి ఫ్యాను రొద, పై రేకు అదురు, కింద బల్ల మోత. తొమ్మిదిమంది విద్యార్థులు ఉలిక్కిపడ్డారు. దండం పెట్టుకున్న చేతులు దించకముందే కాలేషా స్క్రూడ్రైవరుతో మెట్లెక్కి వచ్చేశాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే చంపుతా!" అని పున్నారావు అడ్డం పడ్డాడు. "దానికి గాలాడాలి. వేడెక్కితే బుర్ర కాలిపోతుందని కంపెనీవాళ్లు చెప్పారు."

"ముట్టుకోను సారూ. వింటానంతే."

ఆ పూటే కాదు, వారం రోజుల పాటు వచ్చి పెట్టె పక్కన కూర్చుని విన్నాడు. పున్నారావు మాత్రం ఆ రొదలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

ఆయనకు అసలు తలనొప్పి శ్యామల. టైపులో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్ల, కంప్యూటర్ దగ్గర మాత్రం ఏది అడిగినా "ఏంది సార్?" అనేది. ఒకటి చెబితే ఇంకొకటి కొట్టేది. నెలాఖరున కొత్త నూలుమిల్లు వాళ్లు పరీక్ష పెట్టి ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. తండ్రి లేని శ్యామల ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. పున్నారావు ఆమె తల్లి కనకలక్ష్మిని పిలిపించి, "అమ్మా, అమ్మాయికి ఇది తలకెక్కట్లేదు. పరీక్షకి పంపితే నా పరువు పోతుంది. వారం చూస్తా, ఆ పైన మానిపించండి" అని చెప్పేశాడు. కనకలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. కింద కాలేషా అది చూశాడు.

మర్నాడే పైకొచ్చాడు. "సారూ, దీని నోరు నేను మూయిస్తా. వేడెక్కకుండానే. గుంటూరు పోయి ఒక సామాను తేవాల, ఒక్క పూట ఆగండి."

పున్నారావుకు ఆగడం తెలిస్తే ఇంకేం. కాలేషా బస్సెక్కగానే ఇంట్లోంచి పాత బొంత తెచ్చి కంప్యూటర్‌కు నిండుగా కప్పాడు. గది చల్లగా నిశ్శబ్దమైపోయింది. ఇంతోటి దానికి గుంటూరెందుకని మీసం దువ్వుకున్నాడు. అరగంటకు తెర మీద అక్షరాలు పిచ్చెక్కినట్టు పరుగెత్తి ఆగిపోయాయి. ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఆ మధ్యాహ్నం కాలేషా తిరిగి వచ్చేసరికి పున్నారావు పెట్టె పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. కాలేషా బొంత తీసి, రేకు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, చటుక్కున లాక్కున్నాడు.

"జొరమొచ్చినోడికి బొంత కప్పుతారు గానీ, జొరం తెప్పిచ్చటానికి కప్పుతారా సారూ?"

"బతుకుద్దంటావా?"

"చల్లారనీండి. మీ ఇంట్లో జొరం చూసే గొట్టం ఉంటే తెప్పిచ్చండి."

గంట చల్లారాక పెట్టె మళ్లీ గుర్రుమంది. జీవితంలో మొదటిసారి ఆ రొద పున్నారావు చెవికి సన్నాయిలా వినిపించింది. కాలేషా థర్మామీటరును పెట్టె వెనక గాలి వచ్చే చోట పెట్టి చూశాడు. "నూట రెండు. ఇది దాని మామూలు ఒళ్లు. నేను పని చేశాక ఇది దాటితే నన్ను తన్నండి" అని, తీగ పీకి పని మొదలుపెట్టాడు.

లోపల ఫ్యాను నిండా పత్తినూగు. అది దులిపాడు. మూత అదరకుండా అంచు వెంట సైకిలు ట్యూబు చీలికలు పెట్టాడు. బల్ల మోగకుండా పెట్టె కింద నాలుగు రబ్బరు ముక్కలు పెట్టాడు. చివరగా గుంటూరు నుంచి తెచ్చిన ఫ్యాను బయటికి తీశాడు. అది పాతదానికి ఒకటిన్నరంత ఉంది. పున్నారావు దానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చిన్నదే ఇంత మోగితే, పెద్దది పెడతావేందయ్యా!"

"చిన్న రెక్క పరిగెత్తాల సారూ. పెద్ద రెక్క నడిస్తే చాలు. గాలి అంతే, గోల ఉండదు."

రేకు కోసి కొత్త ఫ్యాను బిగించి మీట నొక్కాడు. పున్నారావు ముందుకు వంగి, "చప్పుడేది? కరెంటు ఎక్కలేదే!" అన్నాడు. తెర వెలిగింది. గంట తిరిగాక, విదిలించి పెట్టిన థర్మామీటరు వందే చూపించింది.

మర్నాడు పాఠంలో పున్నారావు అలవాటుగా బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ, మామూలు గొంతుతో అడిగాడు. "ఫైలు పేరు మార్చాలంటే ఏం కొట్టాలి?"

"రెన్ అని కొట్టి, పాత పేరు, తర్వాత కొత్త పేరు సార్."

సుద్దముక్క ఆగింది. అది శ్యామల గొంతు. ఇంకోటి అడిగాడు, ఇంకోటి అడిగాడు. అన్నిటికీ ఆ పిల్లే చెప్పింది. పున్నారావు వెనక్కి తిరగడానికి కొంచెం సేపు పట్టింది. కళ్లలో సుద్దపొడి పడిందని అందరికీ చెప్పాడు.

సాయంత్రం పున్నారావు కాలేషా ఇంటికి వెళ్లాడు. రేడియో గోడలదిరేలా మోగుతోంది. కాలేషా భార్య జైనాబ్ బీ దానికి చెవి ఆనించి నవ్వుకుంటోంది. చప్పుడు పడని మొగుడు పక్కనే కూర్చుని హాయిగా టీ తాగుతున్నాడు.

"ఆమెకి చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ సారూ," అన్నాడు కాలేషా. "చుట్టూ ఏదన్నా మోగుతుంటే మనిషి మాట అసలే ఇనపడదు. అందుకే ఏ మోత విన్నా చెయ్యి ఊరుకోదు నాకు. మీ శ్యామలా అంతే. మీరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పక్కపిల్ల మూతి చూసేది. మా ఇంట్లో రోజూ చూసే చూపే కదా, నాకు తెలవదా?"

"ఆ ముక్క నాకు ముందే చెప్పొద్దా?"

"ఆ పిల్ల దాచుకున్న ముక్కని నేనెట్టా చెప్పేది? చప్పుడు తీసేస్తే పోలా?"

పున్నారావుకు సిగ్గేసింది. చిన్నపిల్లాడు బలపం అప్పగించినట్టు కిర్రుచెప్పులు విడిచి కాలేషా ముందుకు తోశాడు. "వెయ్యవయ్యా, నీ రెండు చుక్కలు."

కాలేషా చెప్పులు తిప్పి తిప్పి చూసి, మళ్లీ ఆయన కాళ్ల దగ్గరే పెట్టాడు. "ఇప్పుడొద్దు సారూ. గది నెమ్మదిచ్చింది కదా, మీ కిర్రు ఆ పిల్లకి ఇనపడతంది. అందరి కంటే ముందు లేచి నిలబడతంది. నేను చూశా."

నెలాఖరు పరీక్షలో మిల్లువాళ్లు శ్యామలనే ఎంచుకున్నారు. ఆ ఉత్తరం పట్టుకుని పున్నారావు మేడ మెట్లెక్కాడు, కావాలని ఒక్కో మెట్టూ గట్టిగా తొక్కుతూ. ఆయన గుమ్మం చేరకముందే లోపల బెంచీ జరిగింది. "గుడ్ మార్నింగ్ సార్!" అని శ్యామల గొంతు ముందుగా వినిపించింది.

ఆ వెంటనే కింద నుంచి కాలేషా కేక వినిపించింది. "సారూ, ఆ బెంచీ కాళ్లకి రబ్బరెయ్యాల!"